పదో తరగతి దాటాక ఆ పిల్లలు ఎటు వెళ్లాలి? వృత్తి విద్య చూసే అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య, సాంకేతిక విద్య, ఉపాధి శిక్షణ శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏడేళ్లు ఉన్న బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు హెల్త్‌కేర్, ఎలక్ట్రానిక్స్ అని రెండు ఒకేషనల్ ట్రేడులు ఉండేవి. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద చాలా ప్రభుత్వ బడుల్లో నడుస్తున్న కార్యక్రమమే అది. దాని మంచీ చెడూ దగ్గరుండి చూశాను. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. మీ నాలుగు శాఖలూ ఒకచోట కూర్చుంటే తప్ప ఆ జవాబు దొరకదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి సంగతి చెప్పాలి.

హెల్త్‌కేర్ క్లాసు మా సైన్సు ల్యాబు పక్క గదిలో జరిగేది. ఒక మధ్యాహ్నం నేను అటుగా వెళ్తుంటే, పదో తరగతి అమ్మాయి ఒకతె మధ్యాహ్న భోజనం వండే అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి బీపీ చూస్తోంది. "మాట్లాడకమ్మా, చెయ్యి వదులుగా పెట్టు" అంటూ మోచేతి మడతకు రెండు వేళ్ల పైన పట్టీ చుట్టింది. స్టెతస్కోపు బిళ్లను మోచేతి లోపలివైపు ఆనించి, బల్బు నొక్కి గాలి ఎక్కించి, మర తిప్పి మెల్లగా వదిలింది. ముల్లు దిగుతుంటే పెదాలు కదుపుతూ చూసింది. తను చదివిన అంకె మీద నమ్మకం కుదరలేదేమో, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. రెండోసారి కూడా పై అంకె 170 దాటింది. నోటుబుక్కులో తేదీ, టైము, ఏ చేతికి చూసిందో రాసుకుని నా గదికి వచ్చింది. "సార్, అమ్మను ఇయ్యాలనే పీహెచ్‌సీకి పంపాలె" అంది. పంపాం. ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియని బీపీకి ఆ అమ్మ ఆ వారమే మందులు మొదలుపెట్టింది.

లెక్కల్లో ఆ అమ్మాయివి ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఆ రోజు ఆమె చేసిన పనిలో మాత్రం ఎక్కడా తప్పు లేదు. ఒకసారి చూసిన అంకెను నమ్మకుండా మళ్లీ చూడడం పెద్దవాళ్లే మర్చిపోతారు.

పది పరీక్షల్లో ఒకేషనల్ పేపరు రాసిన రోజు బయటికొచ్చి అడిగింది: "సార్, నాకు ఇదే పని ఇంకా నేర్చుకోవాలని ఉంది. ఇప్పుడు ఏడ చేరాలె?"

నేను నీళ్లు నమిలాను. ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబు పరీక్షలు చేయడం నేర్పే ఎంఎల్‌టీ ఉంటుందని, ఆరోగ్య కార్యకర్త పని నేర్పే ఎంపీహెచ్‌డబ్ల్యూ ఉంటుందని తెలుసు. ఏ కాలేజీలో ఉన్నాయో, ఎన్ని సీట్లో, ఆడపిల్లలకు హాస్టల్ ఉందో లేదో తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను. నేను కనుక్కునేసరికి మూడు వారాలు పట్టింది. మా మండలంలోని జూనియర్ కాలేజీలో ఆ కోర్సులు లేవు. ఉన్న కాలేజీకి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. ఇంట్లో ఒప్పుకోలేదు. చివరికి ఆ అమ్మాయి మండలంలోనే సీఈసీలో చేరింది. రెండేళ్లు నేర్చుకున్నది అక్కడితో ఆగిపోయింది. సర్టిఫికెట్ మాత్రం వాళ్లింట్లో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

ఆమె తర్వాతి బ్యాచ్‌లో ఒక అబ్బాయి కాస్త అదృష్టవంతుడు. ఎలక్ట్రానిక్స్ చదివాడు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు దొరికింది. దసరా సెలవుల్లో కనపడి, "మల్టీమీటర్ పట్టుకోవడం కాడి నుంచి అంతా మళ్ల మొదటి నుంచే చెప్తున్నరు సార్" అన్నాడు. బడిలో రెండేళ్లు నేర్చుకున్న పని గురించి అక్కడ ఎవరూ అడగలేదట. అడగాలన్న రూలు వాళ్లకు ఉంటే అడిగేవాళ్లే. 2023లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. బడి చదువైనా, వృత్తి శిక్షణ అయినా నేర్చుకున్న గంటలను క్రెడిట్లుగా లెక్కగట్టి ముందుకు తీసుకెళ్లొచ్చని అందులో ఉంది. ఆ మాట మా బడి గేటు దాకా, ఆ ఐటీఐ గేటు దాకా రాలేదు.

అయ్యా, అమ్మా, మీలో ఎవరూ మీ పని చేయడం లేదని నేను అనడం లేదు. బడిలో ట్రేడు పెట్టేది సమగ్ర శిక్ష. ట్రైనర్‌ను పంపేది ఒక ఏజెన్సీ. ప్రాక్టికల్స్ చూసి నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చేది ఆ రంగానికి చెందిన స్కిల్ కౌన్సిల్. పది దాటితే ఇంటర్ ఒకేషనల్ ఇంటర్ బోర్డుది, పాలిటెక్నిక్ సాంకేతిక విద్యా శాఖది, ఐటీఐ అయితే ఉపాధి శిక్షణ శాఖది. ఎవరి ఫైలు వాళ్ల దగ్గర సక్రమంగానే ఉంటుంది. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు పిల్లను చేయిపట్టి దాటించే మనిషే లేడు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంది. ఆ అమ్మాయి కోసం నేను రాసిన ఉత్తరాలకు రెండు ఆఫీసుల నుంచి జవాబు వచ్చింది. రెండింటిలోనూ "ఈ విషయం మా పరిధిలోకి రాదు" అనే ఉంది. వాళ్లు రాసింది నిజమే. అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

నా ఉద్యోగం తొలిరోజుల్లో జిల్లాకో డీవీఈఓ ఉండేవారు. జిల్లా వృత్తి విద్యాధికారి. పేరు వింటే వృత్తి విద్య మొత్తం ఆయనే చూస్తారనిపించేది. ఆయన పని ఇంటర్ కాలేజీల వరకే. హైస్కూలు వైపు రావాల్సిన అవసరం ఆయనకు లేదు, అటు వెళ్లాల్సిన అవసరం మాకూ లేదు.

చేతిపనిని చదువులో కలపాలన్న మాట ఈ దేశంలో కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ఆ మాట మీదే విద్యావేత్తలను కూర్చోబెట్టారు. 1964–66లో విద్య మీద వేసిన కొఠారీ కమిషన్ కూడా అదే చెప్పింది. 1986 జాతీయ విద్యా విధానమైతే హయ్యర్ సెకండరీ పిల్లల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం మంది ఒకేషనల్ కోర్సుల్లో ఉండాలని అంకెలు కూడా పెట్టింది. 1992లో ఆ గడువులను 1995కు, 2000కు జరిపారు. 2020 విధానం 2025 నాటికి కనీసం 50 శాతం మందికి వృత్తి విద్యతో పరిచయం కావాలంది. మన దేశంలో 19–24 ఏళ్ల వయసు పనివాళ్లలో పద్ధతిగా వృత్తి విద్య నేర్చుకున్నవాళ్లు 5 శాతం కన్నా తక్కువేనని, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం ఉన్నారని 12వ పంచవర్ష ప్రణాళిక వేసిన అంచనాను కూడా ఆ పత్రమే ఎత్తి చూపింది. అంకెలు బాగానే ఉన్నాయి. నాకు ఏటా వచ్చిన ప్రొఫార్మాలో మాత్రం ఎంతమందిని చేర్చారనే కాలమ్ ఉండేది, నిరుడు పాసైనవాళ్లు ఇప్పుడెక్కడున్నారనే కాలమ్ ఒక్క ఏడాదీ లేదు. ఆ కాలమ్ పెట్టి ఉంటే ఆ అమ్మాయి సీఈసీలో చేరిన సంగతి కనీసం ఒక కాగితం మీదైనా మీదాకా వచ్చేది.

ట్రైనర్ల గురించి కూడా చెప్పాలి. ఏడేళ్లలో మా హెల్త్‌కేర్ క్లాసుకు నలుగురు మారారు. ఆ అమ్మాయికి అంత ఓపిగ్గా బీపీ చూడడం నేర్పిన ట్రైనరమ్మకు ఒక ఏడాది నాలుగు నెలలు జీతం రాలేదు. బస్సు పాస్ కూడా అప్పు చేసి తీసుకుందని నాకు తర్వాత తెలిసింది. ఆమె మా బడిలో పనిచేస్తోంది గానీ మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి. నేను ఏజెన్సీకి ఫోన్ చేస్తే శాఖను అడగమనేవాళ్లు, శాఖను అడిగితే ఏజెన్సీని అడగమనేవాళ్లు. చివరికి ఆమె ఒక ప్రైవేటు ల్యాబులో చేరిపోయింది. కొత్త ట్రైనర్ వచ్చేసరికి దసరా దాటింది. ఇటు ఎలక్ట్రానిక్స్ ట్రేడుకు వచ్చిన సామాను పెట్టెలు అర్ధ సంవత్సర పరీక్షల దాకా విప్పలేదు. ఆ గదిలో ఉన్నది ఒకే ప్లగ్గు, దానికీ ఎర్తింగ్ లేదు. సామాను కొనేవాళ్లకు గది ఎలా ఉందో తెలియదు, గది చూసేవాళ్లకు సామాను ఎప్పుడొస్తుందో తెలియదు. సమన్వయం అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే. సామాను దిగేలోపు ప్లగ్గు బిగించి ఉండాలి.

ట్రేడు ఎంచుకోవడం దగ్గర కూడా ఇదే తంతు. సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి, పోచంపల్లిలో ఇక్కత్ ఉంది, నిజామాబాద్ చుట్టూ పసుపు పండుతుంది, పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీలున్నాయి. ఏ బడికి ఏ ట్రేడు ఇవ్వాలో ఆ చుట్టుపక్కల ఏముందో చూసి, పది తర్వాత అదే దారిలో ఏ కోర్సు అందుబాటులో ఉందో చూసి తేల్చాలి కదా. మాకు సర్క్యులర్‌లోనే వచ్చింది. నన్ను అడగలేదు, ఊరిని అడగలేదు. అమెరికాలో ఇలాంటి కార్యక్రమాలకు నిధులిచ్చే పెర్కిన్స్ చట్టాన్ని 2018లో సవరించారు. నిధులు తీసుకునే స్థానిక విద్యాసంస్థలు కనీసం రెండేళ్లకోసారి అక్కడి అవసరాలను అంచనా వేయాలని, ఆ పనిలో టీచర్లను, తల్లిదండ్రులను, పిల్లలను, స్థానిక వ్యాపారులను సంప్రదించాలని అందులో ఉంది. మనకు కొత్త చట్టం అక్కర్లేదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా నైపుణ్య కమిటీలు ఇప్పటికే ఉన్నాయి. ఆ సమావేశంలో ఒక హైస్కూలు హెచ్‌ఎంకు, ఒక ఒకేషనల్ ట్రైనర్‌కు, ఒక ఐటీఐ ప్రిన్సిపాల్‌కు పక్కపక్కనే కుర్చీలు వేయండి చాలు.

ఇక తల్లిదండ్రుల భయం గురించి. దీన్ని అవగాహన లోపం అని రిపోర్టుల్లో రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. కొత్త ట్రేడు మొదలైన ఏడాది నేను పెట్టిన మీటింగులో ఒక వడ్రంగి లేచి, "మా తాత బాడిస పట్టిండు, మా నాయిన పట్టిండు, నేను పట్టిన. కొడుకును బడికి తోలింది మళ్ల పనిముట్టు పట్టియ్యనీకా సార్?" అని అడిగాడు. ఆయనకు తెలియనిది ఏమీ లేదు. ఎంతో తెలిసిన మాట అది. 1953లో రాజాజీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మద్రాసు రాష్ట్రంలో పిల్లలకు బడి గంటలు తగ్గించి, మిగతా సమయంలో ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. కులవృత్తిని బడి పేరుతో మళ్లీ నెత్తిన రుద్దడమేనని జనం ఎదురుతిరిగారు. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ పథకాన్ని తీసేశారు. జనం ఎదురుతిరగడం న్యాయమే. ఆ వడ్రంగి అడిగిందీ న్యాయమే.

ఆయనకు ఇవ్వాల్సిన జవాబు మాటల్లో లేదు, దారిలో ఉంది. ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసి సైన్సు డిగ్రీకి వెళ్లొచ్చు. పాలీసెట్ రాసి డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ద్వారా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఈ తలుపులు ఇప్పటికే తెరిచి ఉన్నాయి. ఆ సంగతి మా బడిలో సగం మంది టీచర్లకే తెలియదు, ఆ వడ్రంగికి ఎవరు చెప్పాలి? పనిముట్టు పట్టుకున్నంత మాత్రాన పై చదువు తలుపు మూసుకుపోదని ఆయనకు కళ్లకు కట్టినట్టు చూపించగలిగితే, కొడుకును ఆయనే తీసుకొచ్చి చేర్పించేవాడు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి రెండేళ్లు మేము చదువులో వెనకబడ్డ పిల్లలను ఏరి ఒకేషనల్‌లో వేశాం. ఆడపిల్లలందరినీ హెల్త్‌కేర్‌లో, మగపిల్లలందరినీ ఎలక్ట్రానిక్స్‌లో కూర్చోబెట్టాం. పైనుంచి ఎవరూ అలా చెయ్యమనలేదు, అది మా చేతులతో మేము చేసిన పని. మూడో ఏడాది ఒక అమ్మాయి ఎలక్ట్రానిక్స్ కావాలని పట్టుబట్టింది. బడిలో పాడైన ఫ్యాను రెగ్యులేటర్లు ఆ ఏడాది ఆమే బాగుచేసింది. అప్పటి నుంచి పిల్లల ఇష్టం అడగడం మొదలుపెట్టాం. మీరు తయారుచేసే మార్గదర్శకాల్లో ఈ ఒక్క వాక్యం గట్టిగా రాయండి. ట్రేడు పిల్ల ఎంచుకోవాలి, మార్కులు చూసి బడి ఎంచకూడదు.

ఇంటర్న్‌షిప్ అంటే మీకు, నాకు టెన్షన్ ఒకటే. పిల్లను షాపులోనో ల్యాబులోనో వదిలితే టీ కప్పులు కడిగిస్తారేమో, ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత? 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 నుంచి 18 ఏళ్ల పిల్లలతో ప్రమాదకరమైన పనులు చేయించకూడదని స్పష్టంగా చెబుతోంది. అందుకే పంపేముందు ఆ చోటు చూసిరావాలి, పంపాక మధ్యలో ఒకసారి వెళ్లాలి, రోజూ ఏం నేర్పారో రాయించాలి. ఇది పాఠాలు చెప్పే టీచరు మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో చేసే పని కాదు.

అందుకని నేను అడిగేది ఒకటే. మండలానికి ఒక మనిషిని ఇవ్వండి. వృత్తి విద్య సమన్వయం తప్ప ఇంకో పని లేని మనిషి. దయచేసి అదనపు బాధ్యత అనొద్దు. ఎంఈఓ (మండల విద్యాధికారి) పనే చాలాచోట్ల హెచ్‌ఎంల నెత్తిన అదనంగా పడింది, దాని మీద ఇదీ పెడితే ఏదీ సాగదు. ఆ మనిషి ఏ శాఖ జీతం తీసుకున్నా ఫర్వాలేదు గానీ, హైస్కూలు, జూనియర్ కాలేజీ, ఐటీఐ, పాలిటెక్నిక్ నాలుగింటి గేట్లు దాటి వెళ్లే అధికారం ఉండాలి. వేసవి సెలవుల్లోనే గదులు, ప్లగ్గులు చూసుకోవాలి. బడి తెరిచే నాటికి ట్రైనర్ వచ్చి ఉండేలా, జీతం ఆగకుండా వెంటబడాలి. జనవరి కల్లా పదో తరగతి ఒకేషనల్ పిల్లలను ఒక్కొక్కరిని కూర్చోబెట్టి ఎటు వెళ్తావని అడగాలి. ఆ పైన రెండేళ్లు వాళ్ల జాడ వదలకూడదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 2020 విధానం చెప్పిన పది రోజుల బ్యాగులేని బడి కూడా ఈయన చేతికే ఇస్తే, ఊళ్లో వడ్రంగిని, ఎలక్ట్రీషియన్‌ను, తోటమాలిని గురువులుగా పిలిచే పని పద్ధతిగా సాగుతుంది. ఆ రోజు మీటింగులో ప్రశ్న అడిగిన వడ్రంగి బడికి గురువుగా వస్తే ఎలా ఉంటుందో నాకు చూడాలని ఉంది.

కేరళ ఇంకా పెద్ద అడుగు వేసింది. అక్కడ ఒకేషనల్ హయ్యర్ సెకండరీ 1983లో మొదలైంది. చాలా ఏళ్లు దానికి వేరే డైరెక్టరేట్ ఉండేది. 2019లో పాఠశాల విద్య, హయ్యర్ సెకండరీ, ఒకేషనల్ హయ్యర్ సెకండరీ డైరెక్టరేట్లను ఒకే జనరల్ ఎడ్యుకేషన్ డైరెక్టరేట్ కిందికి తెచ్చారు. కొన్ని టీచర్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. నేను శాఖలను కలపమని అడగడం లేదు, అది నా స్థాయికి మించిన మాట. మధ్యలో నడిచే ఒక మనిషిని అడుగుతున్నాను.

మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు. చాలా సంతోషం. అలాంటి సెంటర్‌కు దగ్గర్లో ఉన్న హైస్కూళ్ల ఒకేషనల్ పిల్లలను నెలకో శనివారం లోపలికి రానివ్వండి. మెషీన్ ముట్టుకోకపోయినా ఫర్వాలేదు, పక్కన నిలబడి చూస్తే చాలు. తొమ్మిదో తరగతిలో ఆ సెంటర్ చూసిన పిల్లవాడు పది తర్వాత దారి అడగడానికి నా దగ్గరకు రావాల్సిన పని ఉండదు.

రిటైరయ్యే ముందు ఏడాది నేనొక పని చేశాను. నాలుగు ఆదివారాలు, కొన్ని సెలవు రోజులు బస్సుల్లో తిరిగి, మా బడికి 30 కిలోమీటర్ల లోపు పది తర్వాత ఏమేం చదవొచ్చో ఒక చార్టు మీద రాశాను. కాలేజీ పేరు, కోర్సు, సీట్లు, హాస్టల్, ఉదయం బస్సు టైము. స్కెచ్ పెన్నులతో పిల్లలే గీతలు కొట్టారు. పదో తరగతి గదిలో బ్లాక్‌బోర్డు పక్కన అంటించాం. ఆ సాయంత్రమే పిల్లలు ఇంట్లోవాళ్ల ఫోన్లు తెచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఆ ఏడాది హెల్త్‌కేర్ క్లాసు నుంచి ముగ్గురు ఎంఎల్‌టీలో చేరారు. అందులో ఇద్దరికి ఆ బస్సు టైము చూశాకే ఇంట్లో ఒప్పుకున్నారు.

ఆ చార్టు నకలు ఈ లేఖతో పాటు మీ నాలుగు ఆఫీసులకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అందులో ఐదు చోట్ల సీట్ల కాలమ్, రెండు చోట్ల హాస్టల్ కాలమ్ ఖాళీగా ఉన్నాయి. వెళ్లి అడిగినా చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. ఈసారి పది పరీక్షలు మొదలయ్యేలోపు ఆ ఏడు గళ్లు నింపి బడికి పంపండి. చార్టు ఇప్పటికీ అదే గోడ మీద ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు